బాయిలర్ లోపలి గుర్తు

మా తాత ఇస్తారికి భోంగా ఇనపడకపోయేది.
లాలాగూడ కార్ఖానాల పొద్దుగాల ఆరున్నరకు
అది మెట్టుగూడ దాకా మోగితే
కాకులు లేచేటివి, కుక్కలు లేచేటివి,
రోజారియో దొర ఇంట్ల పింగాణి కప్పులు లేచేటివి.
తాత మాత్రం
నేల మీద అరచెయ్యి ఆనిచ్చి పండుకునేటోడు.
చేతికి తెలుస్తదంట.

ఖలాసీ పని.
బయట ఒకడు సుత్తెతోని రివిటు కొడుతుంటే
లోపల ముడుసుకోని కూసోని
ఇనప దిమ్మెతోని దాన్ని అదిమి పట్టాలె.
చెవులల్ల దూది, దూది మీద మైనం.
మూడేండ్లకు దూది మిగిలింది.

అప్పుడు లడాయి నడుస్తుండె.
స్టేషన్ కిటికీలకు నీలిరంగు పూసిండ్రు,
లాంతర్లకు నల్లకాయితం టోపీలు పెట్టిండ్రు.
ఎక్కడి జర్మనీ, ఎక్కడి జపాను,
సీతాఫల్‌మండి గేటుకాడ బీడీ ముట్టిస్తే
పోలీసోడు నోట్లకెళ్లి గుంజేటోడు.
రాత్రంతా మిలట్రీ బండ్లు.
తలుపులు మూసిన డబ్బాలు. లోపల
మనుషులో, కంచరగాడిదలో, గుండ్లో, అడగొద్దు.
తిరుమలగిరి దవాఖానా బండ్లు మాత్రం
అడగకున్నా తెలిసేటివి:
అవి వచ్చిన్నాడు ప్లాట్‌ఫారం కడుగుడు
పొద్దెక్కినా ఒడవకపోయేది.

బొగ్గు రాలే. కట్టెలు ఏసిండ్రు.
కట్టెలు ఒడిస్తే పల్లిపొట్టు ఏసిండ్రు.
మా అవ్వ సాయవ్వ షెడ్డు ఎనుక బూడిదల
కాలీకాలని ముక్కలేరి అమ్ముకునేది.
"ఇంజను గూడ మన లెక్కనే బిడ్డా,
ఏది పెడితే అది తిన్నది" అనేది.

ఒకనాడు కొన్ని ఇంజన్లు బస్రాకు పోవాలని ఆర్డరొచ్చింది.
తాతకు బస్రా అంటె ముత్యాలే ఎరుక,
పత్తర్‌గట్టిల డబ్బీలల్ల చూసిండు.
ఇవి పోతే అవి వస్తయనుకున్నడేమో.
పేరు రాసుడు రాదు.
ఆఖరి బాయిలర్ల, ఎవరికీ కనపడని తావుల,
సన్నపు ఉలితోని చుక్కలు పెట్టిండు,
సాయవ్వ ముంజేతి మీది పచ్చబొట్టు
ఎట్లున్నదో అట్లనే:
నడుమ ఒకటి, చుట్టు ఏడు,
తోక లెక్క మూడు.

ఇంజన్లు రాలే.
కొన్ని వచ్చినయన్నరు. నంబర్లు మారినయన్నరు.
లడాయి ఒడిసింది గని
నూనె లేకుంట ఉరికిన బండ్లకు ఊపిరి తిరగలే.
"రేపు బాగుచేయాలె" అన్న చీటీ
ఉర్దూల ఉండె, ఇంగ్లీషులకు వచ్చింది,
ఎనుకనించి హిందీలకు వచ్చింది. రేపు రాలే.
నిజాం పోయిండు. టోపీ మీది బిల్ల మారింది.
రోజారియో దొర పియానో అమ్ముకోని ఆస్ట్రేలియా పోయిండు,
పోతపోత రెండు కప్పులు మా అవ్వకిచ్చిండు.
వాటికి గూడ చెవుల్లేవు.

నేను తుక్కు యార్డుల గుమాస్తాను.
మీటర్‌గేజీ పీకేసినంక
కాచిగూడ దిక్కుకెళ్లి లాక్కొచ్చిన ఇంజన్లు
నా ముందటనే గ్యాసు మంటతోని తెగినయి.
వేలం పాడేటోడు తూకం అడుగుతడు.
నేను టార్చిలైటు పట్టుకోని
బాయిలర్లల్ల తొంగి చూస్త.
కోసే అన్వర్ నవ్వుతడు: "క్యా సాబ్, సోనా హై క్యా?"

ఒక్కసారి, ఒక రేకు మీద
చుక్కలు అగుపడ్డయి.
నడుమ ఒకటి. చుట్టు ఆరో, ఏడో.
తోక ఉండాల్సిన తావు రాలిపోయింది.
తుప్పు గూడ చుక్కలు పెడతది, నాకెరుకే.

తాతకు చెప్పాలంటె అరవాలె.
అరిచి చెప్పేటంత నమ్మకం నాకు లేకుండె.
మంచం పక్కన కూసోని ఆయన అరచేతిల
నా వేలితోని పెట్టిన,
నడుమ ఒకటి, చుట్టు ఏడు.
మూడు పెట్టకముందే
గుప్పిట మూసిండు.

తెల్లారి ఆ రేకు కాటా మీదికెక్కింది.
రెండు క్వింటాళ్ల పదకొండు కిలోలు.
రాసిన. సంతకం పెట్టిన.